దానిమ్మరంగు చీర వెలిసిన రోజు

ఆ ఉదయం తెనాలిలో కరుణశ్రీకి ఉన్న పని చాలా చిన్నది. దర్శకురాలిగా తన మొదటి సినిమాకు డబ్బు పెడుతున్న రేపల్లె బట్టల కొట్టు ప్రకాశరావుకు పోస్టర్ కోసం ఒక బొమ్మ పంపాలి. ఆయన సరేనంటే మర్నాడు బాపట్లలో షూటింగ్. ఆయన షరతు ఒక్కటే, హీరోయిన్ తన కొట్టు చీరలే కట్టాలి.

హీరోయిన్‌కు ఆయన కొట్టు చీర కట్టి, ముందుగా పరీక్షకని సినిమా కెమెరాతో తీసిన ఆ బొమ్మ డీపీఎక్స్ అనే ఫైలులో ఉంది. మామూలు ఫోనులో అది తెరుచుకోదు. రంగులన్నీ అందులో అణిగిమణిగి ఉంటాయి, కంప్యూటర్ ముందు కూర్చుని పైకి తేవాలి. కరుణశ్రీ హడావిడిలో ఆ పని మరిచి, ఉన్నదున్నట్టే ఫోనులో తెరుచుకునే జేపీజీగా మార్చి పంపేసింది.

ప్రకాశరావు ఫోనులో బొమ్మ తెరిచాడు. కళకళలాడాల్సిన దానిమ్మరంగు చీర బూడిదలో పొర్లినట్టుంది! వెంటనే చీరాలలోని నేతగాడు రామబ్రహ్మానికి ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా, ఒక్క షూటింగుకే రంగు పోయిందేంటి?"

"నా అద్దకం పోవడమేంటండీ? వస్తున్నా, మీ కళ్లముందే ఉతుకుతా!"

అన్నంత పనీ చేశాడు. కొట్టు ముందు టబ్బు పెట్టి అదే రంగు చీర ఒకటి నానేశాడు. చూసినవాళ్లు ఊరుకుంటారా? "ఇక్కడి చీరలు రంగు పోతున్నాయంట" అని వీధంతా గుప్పుమంది. ఆడవాళ్లు తాము కొన్న చీరలు చంకన పెట్టుకుని వచ్చేశారు. "మావీ ఉతికి చూపించండి!"

"అమ్మాయ్, నీ బొమ్మలో చీర వెలిసిపోయి నా పరువు పోయింది, సినిమా ఆపెయ్" అని కరుణశ్రీకి చెప్పి ప్రకాశరావు ఫోన్ పెట్టేశాడు.

కరుణశ్రీ లాప్‌టాప్ పట్టుకుని రేపల్లె పరిగెత్తింది. వీధి పొడవునా చీరలు ఆరుతున్నాయి. టబ్బులో నీళ్లు తేటగా ఉన్నాయి. రామబ్రహ్మం మీసం దువ్వుతున్నాడు. ఆమె అందరి ముందూ బొమ్మకు రంగులు తెచ్చింది. దానిమ్మరంగు నిగనిగలాడింది.

"తప్పు నాదే బాబాయ్ గారూ. చీరది కాదు."

"రంగు సరేనమ్మా, నా పరువో? సినిమా వద్దు" అన్నాడాయన, మొహం తిప్పుకుని.

అంతలో ఒకావిడ ఆయన ఫోనులోని పాత బొమ్మ చూసి, "అన్నయ్య గారూ, ఈ లేత రంగు భలే ఉందండీ. నాకొకటి నేయించండి" అంది. "నాకూ" అంది పక్కావిడ. "మా అమ్మాయికీ" అంది మరొకావిడ.

ప్రకాశరావు మొహం విచ్చుకుంది. "రేపు బాపట్లలో షూటింగ్ కానివ్వమ్మా. పోస్టర్‌కి మాత్రం ఇదిగో, ఈ వెలిసిన బొమ్మే వెయ్యి."

కరుణశ్రీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. రామబ్రహ్మం మాత్రం, రంగు పోయినట్టు కనిపించే చీరకు రంగు ఎలా అద్దాలా అని ఆలోచిస్తూ బస్సెక్కాడు.