రెండు చదువులు, ఒక మేకు

ఆ ఉదయం పెద్దాడి పథకం చాలా సులువైనది. నాన్న దుకాణంలోంచి పన్నెండు అలారం గడియారాలు కాలేజీ సంతకి తీసుకెళ్ళాలి, బిజినెస్ విభాగం ఇచ్చే ప్రశంసాపత్రం గెలవాలి, సాయంత్రానికి దాన్ని దుకాణం గోడకి తగిలించాలి.

గడియారాలు బాగుచేసే ఆ చిన్న గదిలో గోడ నిండా గడియారాలే. మధ్యలో ఒక మేకు మాత్రం ఖాళీ. రెండేళ్ళ క్రితం వరకు దానికి అమ్మ చేతిసంచి ఉండేది. ఆ తర్వాత నాన్న దానికి ఏదీ తగిలించలేదు. "మీ ఇద్దరిలో ఎవరు ముందు చదువులో ఏదైనా తెస్తే వాళ్ళది పెడదాం" అని ఒకసారి అన్నాడు. ఆ మాట నాన్న మరిచిపోయి ఉండవచ్చు. పెద్దాడు మరిచిపోలేదు.

అతను మూడేళ్ళుగా చదువుతున్నది బిజినెస్సే. చెల్లెలిది వృక్షశాస్త్రం. అది చాలదన్నట్టు నిరుడు పక్కన బిజినెస్‌ని మైనర్‌గా, అంటే చిన్న రెండో చదువుగా తీసుకుంది. వారానికి రెండు క్లాసులు, అంతే. అప్పటినుంచి దుకాణానికి ఎవరొచ్చినా నాన్న కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే చెబుతున్నాడు: "మా చిన్నది రెండు చదువులు చదువుతోందండీ. పెద్దాడు కూడా చదువుతున్నాడు."

ఆ 'కూడా' పెద్దాడికి చెప్పులో రాయి.

సంతలో మార్కులు వేసే పద్ధతి మార్కెటింగ్ లెక్చరర్ ముందే చెప్పారు. ఒక్కో బల్ల దగ్గరకి ఒక్కొక్కరు మామూలు కొనుగోలుదారులా వస్తారు. ఎవరన్నది బయటపెట్టరు. వాళ్ళే రహస్యంగా మార్కులు వేస్తారు.

పెద్దాడు గడియారాలు సర్దుతుండగా దుకాణం వెనక వంటింట్లోంచి చెల్లెలి ఫోను మాటలు వినిపించాయి.

"పదకొండింటికా అండీ? నల్ల గొడుగుతోనా? సరే, గుర్తుపడతాను. లేదులెండి, ఎవరికీ చెప్పను. చెబితే గొడవైపోతుంది."

పెద్దాడి చేతిలో గడియారం నడుస్తూనే ఉంది కానీ అతను ఆగిపోయాడు. మార్కులు వేసే మనిషి దీనికి ముందే తెలుసన్నమాట! సరే, ఆ మనిషి తన బల్ల దాటి ఎలా వెళతాడో చూద్దామనుకున్నాడు. స్వాగతం ఘనంగా ఉండాలని పన్నెండు గడియారాలకీ పదకొండింటికి అలారం పెట్టాడు.

సంతలో చెల్లెలు వాళ్ళ విభాగం మొక్కల బల్ల దగ్గర నిలబడింది. అది సరిగ్గా అతని పక్క బల్ల. జనమంతా అక్కడే. దానికి తోడు ఆమె మాటిమాటికీ ఇటు వచ్చింది.

"అన్నయ్యా, ఈ ఎర్ర గడియారం ఎన్నాళ్ళు నడుస్తుంది?"

"నీ కుండీలు నువ్వు చూసుకో."

కాసేపాగి మళ్ళీ వచ్చింది. "పాడైతే వెనక్కి తీసుకుంటారా?"

"నా గుట్టు లాగడానికొచ్చావా? పోవే!"

మూడోసారి దిగులుగా అడిగింది. "పోనీ, టైమెంతయిందో అయినా చెప్పు."

"గడియారాల కొట్టువాడి కూతురివి, ఆ మాత్రం తెలీదా?"

పదకొండుకి పది నిమిషాల ముందు నల్ల గొడుగు కనిపించింది. గొడుగు కింద ఒక పెద్దాయన, ఆయన చంకలో అట్టపెట్టె. పెద్దాడు ఎదురెళ్ళాడు.

"రండి సార్! ఎండనపడి వచ్చారు."

"నేను పక్క బల్లకి బాబూ. ఆ అమ్మాయి..."

"అది చిన్నపిల్లండీ. వారానికి రెండు క్లాసుల చదువు. అసలు చదువు మాది. కూర్చోండి!"

కుర్చీ వేశాడు, టీ తెచ్చాడు, అట్టముక్కతో విసిరాడు. "ఆ పెట్టె ఇలా ఇవ్వండి సార్."

"జాగ్రత్త బాబూ, కుదిపితే బెదురుతాయి."

"మార్కుల కాగితాలు బెదరడమేంటి సార్!" అని నవ్వి, పెట్టెను గడియారాల మధ్య పెట్టాడు. పెద్దాయనకి ఏమీ అర్థంకాక, మర్యాదకి తానూ నవ్వాడు.

పదకొండయింది. పన్నెండు అలారాలూ ఒక్కసారిగా మోగాయి. బల్ల వణికింది. పెట్టె అంచుదాకా నడిచి కింద పడింది. మూత ఊడి, మూడు వందల వానపాములు బయటపడ్డాయి.

లైబ్రేరియనమ్మ కుర్చీ ఎక్కేసింది. వెనక్కి తగ్గిన జనం తగిలి మొక్కల బల్ల ఒరిగింది. ఆఫీసు గుమాస్తా అలారాలు విని, నిప్పంటుకుందనుకుని పెద్ద గంట కొట్టేశాడు. పరీక్ష రాస్తున్నవాళ్ళు కూడా కాగితాలతో సహా మైదానంలోకి పరుగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకే ప్రిన్సిపాలు.

"సార్, నా మార్కులు..." అన్నాడు పెద్దాడు నీరసంగా.

"మార్కులేంటి నాయనా? నేను వానపాములు పెంచుతాను. మొక్కల ఎరువుకి కావాలని ఆ అమ్మాయి తెప్పించింది" అంటూ పెద్దాయన నేలమీద చతికిలబడి ఒక్కొక్కదాన్నీ ఏరుకోసాగాడు.

పెద్దాడు కాసేపు నిలబడి, తర్వాత తానూ మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఇద్దరూ కలిసి ఏరారు. ముసలాయన చేతులు మట్టిమట్టిగా ఉన్నాయని, చల్లారిపోతున్న టీ గ్లాసు తనే పట్టుకుని తాగించాడు.

మధ్యాహ్నం లెక్చరర్ గుట్టు విప్పారు. "బిజినెస్ అసలు చదువుగా ఉన్న మేజర్ వాళ్ళు ఒకరికొకరు తెలుసు కాబట్టి మార్కులు వేసే పని మైనర్ విద్యార్థులకి ఇచ్చి, ఎవరికి ఏ బల్లో చీటీలు వేశాను. గడియారాల బల్ల ఇతని చెల్లెలికే వచ్చింది. చీటీ మార్చమంది. 'అన్న కదా అని ఎక్కువ వేస్తావా?' అన్నాను. 'మీకు మా అన్నయ్య సంగతి తెలీదు సార్' అంది. అయితే నువ్వే వెయ్యమన్నాను."

తర్వాత ఆమె రాసిన మార్కుల కాగితం చదివారు: "తెలిసినవారితో ప్రవర్తన: సున్నా. మూడుసార్లు అడిగాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. తెలియనివారితో ప్రవర్తన: పదికి పది. వానపాముల ఆయన వల్ల మార్కులు రావని తెలిశాక కూడా టీ తాగించాడు."

ఆ రెండో అంశంలో పది ఇంకెవరికీ రాలేదు. 'అపరిచితుల ఆదరణలో ప్రథముడు' అని పెద్దాడికి ఒక ప్రశంసాపత్రం దక్కింది.

ఇంటికెళ్ళే దారిలో చెల్లెల్ని అడిగాడు. "అయితే నువ్వు పోటీలో లేవా?"

"నాకు బిజినెస్‌లో బల్లే లేదు అన్నయ్యా. నా పరీక్ష నువ్వే."

"మరి ఫోనులో ఎవరికీ చెప్పనన్నావు?"

"వానపాములొస్తున్నాయంటే సంతలో ఒక్కరు నిలబడేవాళ్ళా?"

సాయంత్రం దుకాణంలో నాన్న ప్రశంసాపత్రాన్ని చొక్కా అంచుతో తుడిచి మేకుకి తగిలించాడు. వంకర లేకపోయినా రెండుసార్లు సరిచేశాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చిన మొదటి మనిషికి దాన్ని చూపించాడు. "మా పెద్దాడిదండీ!"

పెద్దాడి ఛాతీ పొంగింది.

"మార్కులు వేసింది మా చిన్నది."

వృక్షశాస్త్రంలో మైనర్ ఇస్తారా అని పెద్దాడు ఆ మధ్యాహ్నమే కాలేజీ ఆఫీసులో కనుక్కున్నాడు.