బల్ల మీది కమలాపండ్లు

మార్చిలో మురసే మాస్టారి ఉద్యోగ విరమణ. ఆలోగా బడిలో లెక్కల పాఠాల పెద్దరికం కజితాని టీచరుకు అప్పగించాలని ఆయన పట్టుదల. ఆమెకేమో భయం.

"ఇవాళ్టి ప్రదర్శన పాఠం బాగా జరిగితే ఒప్పుకుంటాను. లేకపోతే నన్నొదిలెయ్యండి మాస్టారూ."

పాఠం చిన్నదే. కమలాపండ్లను నాలుగేసి చొప్పున సంచుల్లో సర్దితే చివర ఒకటి మిగులుతుంది. దాన్ని ఏం చేయాలో పిల్లలే తేల్చాలి. ఆ ఒక్క పండు గురించి ఇద్దరూ నెల్లాళ్ళు వాదించుకున్నారు.

ఉదయం మాస్టారు గుమ్మం దగ్గర అతిథులు బడి లోపల వేసుకునే చెప్పులు సర్దుతుంటే, కజితాని పండ్ల పెట్టెను ఉపాధ్యాయుల గదిలో నడిమి బల్ల మీద పెట్టి తరగతికి వెళ్ళింది. ఆ బల్ల మీద ఏది కనిపించినా ఎవరో ఊరి నుంచి తెచ్చిన కానుకే, తలా ఒకటి తీసుకోవలసిందే. పైగా ఆమెది కమలాలు పండే ఊరు. ఉప ప్రధానోపాధ్యాయుడు తానొకటి తీసుకుని, పాఠం చూడవచ్చిన పక్క బళ్ళవాళ్ళకూ పంచాడు.

"మీ ఊరి పండు భలే తియ్యగా ఉందమ్మా," అన్నాడు ప్రధానోపాధ్యాయుడు, నడవాలో ఎదురై.

"అయ్యో, దాందేముందండీ," అనేసింది కజితాని అలవాటుగా. అవి పాఠం పండ్లని తర్వాత తట్టింది. పరుగున వెళ్ళి చూస్తే పెట్టెలో మూడే ఉన్నాయి.

"ఇప్పుడెలా మాస్టారూ?"

"గంట కొట్టేశారు. పద."

తరగతిలో నాగి అనే పిల్ల పెట్టెలోకి తొంగిచూసింది. "టీచర్, ఒక్క సంచికి కూడా చాలవు," అని వెనక్కి తిరిగింది. గోడవారగా నిలబడ్డ అతిథులు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "వాళ్ళ దగ్గరున్నాయి టీచర్."

పాఠం చూడవచ్చినవాళ్ళు పిల్లలతో మాట్లాడకూడదు. అందుకని పిల్లలు వచ్చి చేతులు చాస్తే పెద్దమనుషులంతా నోరెత్తకుండా పండ్లు అప్పగించారు. ప్రధానోపాధ్యాయుడి దగ్గర తొక్కే దొరికింది.

"ఈయన తినేసింది లెక్కలోకి వస్తుందా?" అంది నాగి.

"రాదు. లేందాన్ని సంచిలో ఎట్లా వేస్తావు?" అన్నాడొక పిల్లాడు.

"మొదట ఉందిగా మరి."

ఆయన నియమం తప్పకుండా ఎర్రబడుతూ నిలబడ్డాడు. కజితాని భయం మరిచిపోయి నవ్వేసింది, పిల్లలిద్దరి వాదనలూ నల్లబల్ల మీద రాసింది. గదంతా కమలాల వాసన. మాస్టారికి తన మొదటి ప్రదర్శన పాఠం గుర్తొచ్చింది. ఆనాడు తాను లెక్కకు తెచ్చిన చెస్ట్‌నట్ గింజలన్నీ నేలపాలు చేస్తే, తన గురువు ఈ గోడకే ఆనుకుని, ఒక్కటీ ఏరిపెట్టకుండా చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఇవాళ ఉంటే ఎంత బాగుండేదో అనిపించి మాస్టారి కళ్ళు చెమర్చాయి.

తర్వాత చర్చలో అతిథులు పొగడ్తలు కురిపించారు. "లెక్కను ముందుగానే మా చేతుల్లో పెట్టడం, ఎంత ముందుచూపండీ."

"అబ్బే, అలాంటిదేం లేదండీ. పొరపాటున జరిగింది," అంది కజితాని.

ఎంత అణకువో అని అందరూ తలలూపారు. ఆమె కాదన్నకొద్దీ అణకువ పెరిగిపోయింది.

"పాఠం బాగానే జరిగిందిగా," అన్నాడు మురసే మెల్లగా. ఆమె ఇక తప్పదన్నట్టు తల వంచింది.

మార్చిలో, ఆఖరిరోజున, మాస్టారు ఆ బల్ల మీద అందరి కోసం మిఠాయిల పెట్టె పెట్టి వెళ్ళాడు. ఎవరి పాఠానికో ఏమోనని వారమైనా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.