గోడ మీద నీళ్ళు

ఆ ఆదివారం ఉదయం షరీఫ్ వేసుకున్న పథకం చాలా తేలికైనది: ఇంట్లో ఎవరూ స్నానం చేయకూడదు. కింది వాటా గురునాథరావు హాలు గోడ మీద కొన్నాళ్ళుగా నీళ్ళు కారుతున్నాయి. సరిగ్గా దాని పైన షరీఫ్ బాత్రూం. లీకు అక్కడిదేనని గురునాథరావు, కానేకాదని షరీఫ్; ఒకరినొకరు బావా అని పిలుచుకునే ఇద్దరి మధ్యా ఇదే పేచీ. గోడలో ఎక్కడ వేడి, ఎక్కడ చల్లదనం ఉందో చూపించే కెమెరాతో ఇంజనీరు దేవీప్రసాద్ వస్తున్నాడు. లీకని తేలితే, షరీఫ్ భార్య రషీదా ఊరంతా తిరిగి ఏరుకొచ్చిన నీలి చేపల టైల్స్ పగలగొట్టాలి. ఆ మాట తలచుకుంటే షరీఫ్‌కి పూర్ణా మార్కెట్లోని తన కొట్టు మీద కూడా మనసు నిలవడం లేదు.

"స్నానం సరే, మొహమైనా కడుక్కోనివ్వరా?" అంది రషీదా.

"ఇంజనీరు ఎల్లేదాకా ఓర్సుకో. నీ సేపల కోసమే కదా!"

అక్కడితో ఊరుకుంటే షరీఫ్ ఎందుకవుతాడు? మేడెక్కి ట్యాంకు వాల్వు కూడా కట్టేశాడు. కాసేపటికి బిల్డింగంతా గొల్లుమంది. తల నిండా షాంపూ నురగతో పక్క వాటా రోజారమణి, ఆమె వెనకే బకెట్లతో మిగతా జనం, గురునాథరావు అపార్ట్‌మెంట్ ప్రెసిడెంటు గనుక అతని హాల్లోకి వచ్చిపడ్డారు. ఇంటికొచ్చినవాళ్ళని ఊరికే పంపడం ఎరగని ఇంటావిడ రామలక్ష్మమ్మ, బిందెలో దాచిన నీళ్ళతో అందరికీ టీ పెట్టింది.

"వాల్వు ఎవుడు కట్టేసినాడు?" అని రోజారమణి అరిచింది.

ఇంజనీరు కోసం షరీఫ్ కూడా కిందికొచ్చి అక్కడే ఉన్నాడు. అతని కళ్ళు గోడ మీదే ఉన్నాయి. నీళ్ళు తగ్గకపోగా ధారలు కట్టాయి. ఆ పూట బిల్డింగ్ మొత్తానికి నీళ్ళున్నది ఆ గోడ మీదే. తన బాత్రూం అడుగున ఇన్నాళ్ళుగా చేరిన నీరే దిగుతోందని అతనికి రూఢి అయిపోయింది. సిగ్గేసింది. వెంటనే రషీదాకి ఫోన్ చేశాడు.

"ఎందుకైనా మంచిదని పైన కూసోబెట్టిన మేస్త్రీ అప్పలసూరిని పని మొదలెట్టమను. టైల్స్ పోతే పోనీ, బావతో పేసీ వద్దు."

అప్పుడొచ్చాడు దేవీప్రసాద్. కెమెరాలో గోడంతా ముదురు నీలంగా కనిపించింది. బాత్రూం కింది కప్పులో మాత్రం ఏ తేడా లేదు.

"ఈ గోడ అవతల ఏముందండీ?"

"మా పడగ్గది బాబూ," అన్నాడు గురునాథరావు. "రోజూ ఏసీ పద్దెనిమిది. ఇయ్యాల మీరు ఆ గదిలో సల్లగా కూసుంటారని తెల్లారినుంచీ పదహారులో ఎట్టేను."

"అయితే ఇది లీకు కాదు. చల్లటి సోడా సీసా బయట నీళ్ళు పట్టినట్టే. అవతల ఏసీ గోడని చల్లబరుస్తోంది. ఇవతల సముద్రపు గాలి, ఇంతమంది ఊపిరి, ఈ టీ ఆవిరి. ఆ తేమంతా గోడ మీద నీరవుతోంది. ఏసీ ఇరవయ్యారులో పెట్టుకోండి."

షరీఫ్‌కి ప్రాణం లేచొచ్చింది. గురునాథరావుని కావలించుకోబోయి, చటుక్కున ఆగి ఫోన్ తీశాడు. పైన సమ్మెట చప్పుడులో రషీదాకి అది వినపడలేదు. మెట్లెక్కి పరిగెత్తేసరికి ఆమె సగం చేప చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పోతే పోనీ అన్నారు కదా," అంది.

వెనకే వచ్చిన గురునాథరావు తల దించుకున్నాడు. "తప్పు నాది బావా. కొత్త టైల్స్ నానే ఏయిస్తాను. అందాకా మీ తానాలు మా ఇంట్లోనే."

షరీఫ్ వాల్వు విప్పేశాడు; టైల్స్ మళ్ళీ వేసేదాకా రెండు కుటుంబాలూ కింది బాత్రూంలోనే స్నానాలు చేశాయి. హాలు గోడ మాత్రం పొడిగానే ఉంది.