నర్సింగ్ హోమ్ అన్నందుకు నాకు నెల తప్పింది

"మా వంశంలో ముసలోళ్లను ఆశ్రమంలో వేసిన చరిత్ర లేదు! ఉండబోదు!"

ఈ ప్రకటన చేసినది మా మామ నారాయణ. చేసిన స్థలం ప్రొద్దుటూరులో మా ఇంటి వరండా. చేసిన సందర్భం, జేజిని ఏ ఆశ్రమంలో వేస్తే బాగుంటుందో చూసి రావడానికి కారెక్కబోతూ ఉండడం!

నాకు పెళ్లయి అప్పటికి నలభై ఆరు రోజులు. చాపాడు నుంచి కాపురానికి వచ్చాను. డిగ్రీ చదివాను కాబట్టి మామగారి తనిఖీ బృందంలో నాకు స్థానం దొరికింది. బృందంలో మిగతా ఇద్దరు: అధ్యక్షుడు మామ, డ్రైవరు నా మొగుడు సుధీర్. మామ ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. ప్రొఫార్మా లేని వస్తువు ఈ లోకంలో లేదని ఆయన నమ్మకం. మా పెళ్లిలో అప్పడాలకు కూడా ఒక కాలమ్ ఉండింది. ఆశ్రమాల తనిఖీకి ముప్ఫై రెండు కాలమ్‌ల ప్రొఫార్మా తయారు చేసి, నాతోనే టైపు చేయించాడు.

జేజి అంటే సుధీర్ వాళ్ల నాయనమ్మ, ఓబులమ్మ. ఎనభై నాలుగేళ్లు. మతిమరుపు జబ్బు. కడప డాక్టరు దానికి డిమెన్షియా అని పేరు పెట్టి, చీటీ మీద రాసి, అండర్‌లైన్ చేశాడు. పొద్దున్నే నేను కాఫీ ఇస్తే జేజి అడుగుతుంది: "ఎవురమ్మా నువ్వు?"

"సుధీర్ పెండ్లాన్ని, జేజీ."

"ఓయమ్మ! వానికి పెండ్లయిందా? ఎప్పుడాయ?" అని నా తల మీద చెయ్యి పెట్టి, కొంగుముడిలోంచి బెల్లంముక్క తీసి నా నోట్లో పెడుతుంది. లోకంలో ఆడపిల్లలందరికీ ఒక్కసారే పెళ్లి జరుగుతుంది. నాకు నలభై ఆరు జరిగాయి! అన్నింటికీ బెల్లం!

మరి ఇలాంటి బంగారు జేజిని ఎందుకు పంపాలి? ఆమె మరిచిపోయేవాటితో మామకు ఇబ్బంది లేదు. ఆమెకు గుర్తుండేవాటితోనే! ఆ ముందు వారం విశ్రాంత ఉద్యోగుల సంఘం అధ్యక్షుడు మా ఇంటికి వచ్చి, మామకు 'మాతృసేవా శిరోమణి' బిరుదు ఇవ్వాలని సంఘం తీర్మానించినట్టు తెలియజేశాడు. తల్లిని ఇంట్లోనే పెట్టుకొని కంటికి రెప్పలా చూసుకుంటున్నందుకు! అప్పటిదాకా మజ్జిగ తాగుతున్న జేజి గ్లాసు కింద పెట్టి, "వీడా? వీడు టెన్తు మూడుసార్లు తప్పినాడప్పా. నాలుగోతూరి వాళ్ల మేనమామ కొడుకు పోయి రాసొచ్చినాడు. వాని దస్తూరి శానా బాగుంటాది" అంది.

అధ్యక్షుడికి పొలమారింది. మామకు జ్ఞానోదయమైంది. ఆదివారం సన్మానం లోపల జేజిని ఎక్కడికైనా తరలించాలి. మాతృసేవా శిరోమణి కావాలంటే ముందు మాత ఇంట్లో ఉండకూడదు!

ఇక మా అత్త లక్ష్మీకాంతమ్మ. జేజికి స్నానం, అన్నం, మాత్రలు, తలుపు తీసుకొని బస్టాండు వైపు నడిస్తే వెనక పరుగెత్తడం, అన్నీ అత్తే. మామ చేసే మాతృసేవ ఏమిటంటే, పేపరు చదువుతూ "ఏమే, అమ్మ పిలుస్తాంది" అని అత్తకు తెలియజేయడం. ఆ పొద్దున అత్త గడపలో నిలబడి ఒకటే మాటంది: "నాకు నడుం విరిగింది. పంపితే పంపు. కానీ యాడికి పంపుతాండావో దాని పేరు పెట్టి చెప్పు."

అదే మామకు చేతకానిది. రాత్రంతా ఆలోచించి, ఆశ్రమం అనే మాట నోట రాకుండా ఒక గౌరవమైన మాట కనిపెట్టుకున్నాడు. కారు డోరు తీస్తుండగా, పక్కింట్లో బ్లౌజులు కుట్టే మెహబూబున్నీసక్క ప్రహరీ మీదనుంచి తల ఎత్తింది.

"పొద్దున్నే కొత్తకోడల్ని ఎక్కించుకోని యాడికి పోతాండావు, నారాయణన్నా?"

"నర్సింగ్ హోముకు!" అన్నాడు మామ, ఛాతీ విరుచుకొని.

మా ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే రెండే పనులు. ఒకటి కాన్పు, రెండు అపెండిసైటిస్. కొత్తకోడలికి అపెండిసైటిస్ రావాలని ఎవరూ కోరుకోరు. అక్క నన్ను చూసింది. సుధీర్‌ను చూసింది. వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కపెట్టింది. మెడలో టేపు సర్దుకొని, "అల్లా చల్లగా చూడాల" అని నవ్వింది. ఎంత మంచి మనిషి, జేజి కోసం దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకొని నేనూ చెయ్యి ఊపాను!

ప్రయాణం మాత్రం పండగే. మామ ముందు సీట్లో కూర్చొని ప్రొఫార్మా చదువుకుంటున్నాడు. వెనక బండ్లు కనపడాల్సిన అద్దాన్ని సుధీర్ నేను కనపడేట్టు తిప్పుకున్నాడు. రెండుసార్లు లారీ హారన్ కొట్టింది. మాకు హనీమూన్ కాలేదు కాబట్టి ఆశ్రమాల తనిఖీనే హనీమూన్ అని నేను మనసులో రాసేసుకున్నాను.

జమ్మలమడుగు ఇంకా ఐదు కిలోమీటర్లు ఉందనగా మా అమ్మ ఫోను. ఏడుస్తోంది.

"ఏమే ప్రసూనా! కన్నతల్లికి చెప్పాలని తోచలేదా? మీ పక్కింటి మెహబూబున్నీసా వాళ్లక్క, మన వీధి జానీబీ వచ్చి చెప్తే నేను తెలుసుకోవాల్నా?"

"ఏందమ్మా?"

"నర్సింగ్ హోముకు పోతాండారంట గదే!"

"అయ్యో, నాక్కాదమ్మా! జేజికి!"

"జేజికా?! ఎనభై నాలుగేండ్లకా?!"

మామ వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపాడు. జేజి పేరు ఎత్తొద్దు, చాపాడుకు తెలిస్తే సంఘానికి తెలుస్తుంది అని సైగ. తానే ఫోను లాక్కున్నాడు. "అవునమ్మా... మీ ప్రసూననే... ఆ, అంతా మంచిదే... నోరు తీపి చేసుకోండి."

ఆ విధంగా, సంతకం లేకుండానే, నేను అధికారికంగా నెల తప్పాను. ఈ ఇంట్లో తప్పడం మామతోనే మొదలైంది. ఆయన టెన్తు తప్పాడు, నేను నెల తప్పాను! సుధీర్ అద్దంలో నా వైపు గుడ్లు తేలేసి చూశాడు. నాకేం తెలుసు అన్నట్టు నేను భుజాలు ఎగరేశాను.

"ఆదివారం దాకా ఎవురూ నోరు తెరవొద్దండి. ఆ తర్వాత ఈ విషయాన్ని నెల లోపల క్రమబద్ధీకరించండి" అన్నాడు మామ, రోడ్డు వైపు చూస్తూ. అక్రమ లేఅవుట్లను క్రమబద్ధీకరిస్తారని విన్నాను. సుధీర్ చెవులు టమాటాలయ్యాయి.

జమ్మలమడుగు ఆశ్రమం తనిఖీ నాలుగు నిమిషాల్లో ముగిసింది. మంచాలు చూడలేదు, వంటిల్లు చూడలేదు. గేటు మీద 'వృద్ధాశ్రమం' అని మనిషెత్తు అక్షరాలున్నాయి! "మెయిన్ రోడ్డుకు కనపడుతాండాది. రిజెక్టెడ్!" అని మామ అన్ని కాలమ్‌లకూ అడ్డంగా ఒకే గీత గీశాడు. నేను, సుధీర్ మాత్రం బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఆ తర్వాత పెన్నా వంతెన మీద సుధీర్ కారు నెమ్మది చేశాడు. ఏట్లో నీళ్లు రెండు పాయలే ఉన్నాయి. అయినా ఎంత బాగున్నాయో!

పులివెందులలో బోర్డు చిన్నది. 'కేర్ సెంటర్' అని ఇంగ్లీషులో, అదీ వేపచెట్టు కొమ్మ చాటున. మామ మొహం వికసించింది. వాకిట్లోనే నిలబడి ముప్ఫై రెండుకు ముప్ఫై రెండు వేసేశాడు. నేనే లోపలికి పోయి చూశాను. గదుల్లో ఫినాయిల్ వాసన, దాని కింద బొరుగుల ఉగ్గాని వాసన. ఒక తాత గోడకు ఆనుకొని రేడియో వింటున్నాడు. ఒక అవ్వ నన్ను చూసి, "బస్సొచ్చిందా?" అనడిగింది. పక్కనున్న ఆయా, "వస్తాంది కూచోవ్వా, మన సీటు యాడికీ పోదు" అంది. నిజం చెప్పాలంటే, ఆ చోటు నాకు నచ్చింది.

దాన్ని నడిపేది సైదున్నీసా అనే నర్సు. పదకొండేళ్లు కువైట్‌లో ముసలివాళ్లను చూసుకొని వచ్చింది. ఆమె మామ ప్రొఫార్మాను మడిచి పక్కన పెట్టి, తన కాగితం తీసింది.

"మీ అమ్మ ఏ పక్కకు తిరిగి పండుకుంటాదప్పా?"

"అంటే... నార్మల్‌గా."

"ఏం తింటాది ఇష్టంగా?"

"అన్నం."

"సాయంత్రమైతే ఎవుర్ని పిలుస్తాది? దేనికి భయపడుతాది?"

మామ జేబులోంచి పెన్ను తీసి, క్యాపు ఊడదీసి, మళ్లీ పెట్టాడు. "ఇవన్నీ మా ఆవిడ సెక్షను" అన్నాడు.

"ఎడమ పక్కకు తిరుగుతుంది. రాగిసంగటిలో పచ్చిపులుసు కావాలి. సాయంత్రం వాళ్లమ్మను పిలుస్తుంది. మిక్సీ మోతకు భయపడుతుంది" అన్నాను నేను. నలభై ఆరు రోజుల్లో నాకు తెలిసింది అంతే.

సైదున్నీసా రాసుకుంటూ, "మతిమరుపు మీ అమ్మకాప్పా, నీకా?" అంది. మామ నవ్వాడు. అది జోకనుకున్నాడు పాపం! మంచం ఖాళీగా ఉంది, శనివారం తీసుకురమ్మంది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి వాకిట్లో పద్దెనిమిది జతల చెప్పులు!

హాల్లో వీధి మొత్తం. చలిమిడి, మామిడికాయలు, గాజుల పెట్టె. మధ్యలో కుర్చీలో జేజి. మెహబూబున్నీసక్క ఆమె చెవిలో, "మునిమనవడు పుడుతాండాడు జేజీ!" అంటే జేజి, "అవునా!" అని చప్పట్లు కొడుతోంది. ఐదు నిమిషాలకు మరిచిపోతోంది. మళ్లీ చెబుతున్నారు. మళ్లీ చప్పట్లు! అంత సంతోషాన్ని నేనెప్పుడూ చూడలేదు. గాజులు మాత్రం నేను వద్దనలేదు. ఆకుపచ్చవి, నా చేతికి చక్కగా సరిపోయాయి.

"నారాయణన్నా, ఒక మాట" అంది అక్క. "తొలిచూలు పిల్ల ఇంట్లో ఉండంగ పెద్దజేజి గడప దాటకూడదు. కాన్పయ్యేదాకా ఆమె చెయ్యి ఈ పిల్ల తల మీద ఉండాల్సిందే."

ఈ శాస్త్రం ఎక్కడుందో నాకు తెలియదు. అక్క నోటి నుంచి వచ్చింది కాబట్టి మా వీధికి అది చట్టం. పద్దెనిమిది తలలు ఊగాయి. అందులో ఒకటి సంఘం అధ్యక్షుడి భార్యది!

మామ గొంతు సవరించుకున్నాడు. "ఎవురు దాటిస్తాండారు? నా ప్రాణం పోయినా మా అమ్మ ఈడ్నే ఉంటాది!"

"ఆదివారం సన్మానానికి అమ్మగారిని కూడా స్టేజీ మీదికి తీసుకురండి" అంది అధ్యక్షుడి భార్య.

"అమ్మకు జ్వరమండీ" అన్నాడు మామ. జేజి అప్పుడే రెండో లడ్డు అందుకుంటోంది.

లడ్డు కొరుకుతూ జేజి నన్ను ఎగాదిగా చూసింది. "ఈ పాపకు కడుపేంది? మొన్ననే గదా, మూడు దినాలు దేవుని గూటికాడికి రాననింది?"

పద్దెనిమిది తలలు నా వైపు తిరిగాయి. మామ అందుకున్నాడు: "పట్టించుకోవద్దండి. ఆమెకు ఏమీ గుర్తుండదు."

"పాపం, మతి లేదు" అని పద్దెనిమిది మందీ నిట్టూర్చారు. ఆ ఇంట్లో నిజం చెప్పింది ఒక్కతే. ఆమెకే జబ్బు!

వీధి వెళ్లిపోయాక అత్త కాళ్లు చాపుకొని కూర్చుంది. నేను పులివెందుల విశేషాలన్నీ చెప్పాను. వేపచెట్టు, ఉగ్గాని, పొద్దున ఎనిమిది దాకా ఎవరూ లేపకపోవడం. అత్త కళ్లు మెల్లగా మెరిశాయి. నా ఫోను తీసుకొని సైదున్నీసాతో మాట్లాడింది.

"చూసుకొనేవాళ్లకే ముందు మంచం గావాలక్కా. రా, పది దినాలు పండుకో" అంది సైదున్నీసా.

ఆదివారం పొద్దున అత్త సంచి సర్దుకుంది. "నీ మంచం ఉత్తగ పోనీయను. నేను పోతాండా" అంది మామతో. "ఎవురన్నా అడిగితే మనవడి మొక్కు తీర్చను బ్రహ్మంగారిమఠం పోయిందని చెప్పు. అబద్ధాలు నీకు బాగొస్తాయి గదా." సుధీర్ ఆమెను ఎక్కించుకొని బయల్దేరాడు. అత్త కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది. కాలేజీ టూరుకు పోయే పిల్లలా ఉంది!

సన్మానం ఐదింటికి. నాలుగింటికి మామ ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుండగా జేజి గిన్నెడు సంగటీ పచ్చిపులుసూ నెత్తిన పోసుకుంది.

"ప్రసూనా!" అని అరిచాడు మామ.

నేను బకెట్టు ఎత్తబోయాను. నాకు కాపలాగా కూర్చున్న మెహబూబున్నీసక్క నా చెయ్యి పట్టుకుంది. "కడుపుతో ఉండే పిల్లతో బకెట్లు మోపిస్తావా, అన్నా? అంత పెద్ద బిరుదుకు నువ్వే పోయాల నీళ్లు!"

వేరే దారి లేదు, సుధీర్ ఇంకా పులివెందుల నుంచి రాలేదు. మామ చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి, పెరట్లో స్టూలు మీద జేజిని కూర్చోబెట్టాడు. మొదటి చెంబు తన కాళ్ల మీదే పోసుకున్నాడు. సీకాయ కంట్లో పడిందని జేజి ఆయన చెంపమీద ఒకటి ఇచ్చింది. రెండో చెంబుకు ఆయన ఆమె నుదుటికి అడ్డంగా అరచెయ్యి పెట్టడం నేర్చుకున్నాడు. మూడో చెంబుకు జేజి కళ్లు మూసుకొని, పిల్లిలా తల ఆయన చేతిలోకి ఒరిగించింది. మామ కాసేపు కదల్లేదు. గడియారం వైపు కూడా చూడలేదు.

అప్పుడు తెరుచుకుంది పెరటి తలుపు. జ్వరంతో ఉన్న మాతృమూర్తి సమక్షంలోనే సన్మానం చేద్దామని సంఘం సంఘమంతా మా ఇంటికే తరలి వచ్చింది! ముందు అధ్యక్షుడు, చేతిలో జరీ శాలువా. వెనక ఫోటోగ్రాఫరు. మామ తడిసిన పంచెతో, మోచేతి దాకా సీకాయ నురగతో నిలబడిపోయాడు. అధ్యక్షుడికి కళ్లు చెమర్చాయి.

"ఎంత అదృష్టవంతురాలివి తల్లీ!" అన్నాడాయన జేజితో.

జేజి తలెత్తి మామను ప్రేమగా చూసింది. "ఈయప్ప యా ఊరోడో గానీ శానా మంచోడప్పా. చెయ్యి దూది మాదిరుండాది. నాకూ ఉండాడు ఒక కొడుకు, ఒక్కనాడు చెంబెడు నీళ్లు పోసినోడు కాదు. ఆ శాలువ ఈయప్పకు కప్పు, పాపం తడిసిపోయినాడు. నా కొడుకొచ్చి అడిగితే మాత్రం ఇయ్యొద్దు!"