ఆరువందల నలభై మార్కుల సన్మానం

ఆ గురువారం పొద్దున్న తణుకులో మణిశంకర్ వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదింటిదాకా ఐపీ అడ్రసుల లెక్కలు చేసుకుని, ఇంట్లో చెప్పకుండా రాజమండ్రి బస్సెక్కి, పదకొండింటికి నెట్‌వర్కింగ్ పరీక్ష రెండోసారి రాయాలి. నెలాఖరులోగా సర్టిఫికెట్ చూపిస్తేనే కాకినాడలో ఉద్యోగం. నెలాఖరు రేపే.

మొదటిసారి వెయ్యికి ఆరువందల నలభై వచ్చాయి. ఎనిమిదివందల పాతిక వస్తేగాని పాసు కాదు. కానీ ఆ కాగితం ముందు తండ్రి సూర్యనారాయణమూర్తి గారి చేతిలో పడింది. ముప్పయ్యేళ్లు హెడ్మాస్టరు చేసిన ఆయన లెక్కలో అరవై శాతం దాటితే ఫస్టు క్లాసే. కింద ఇంకేం రాసుందో చదవడం ఆయన హోదాకు తక్కువ. గంటలో వీధంతా లడ్డూలు పంచేశారు. మణిశంకర్ నోరు తెరిచి నిజం చెప్పొచ్చు. తెరిచాడుగాని, లడ్డూ పెట్టుకోవడానికి.

ఇక చూడాలి జాతర. వీధిలో చెడిపోయిన టీవీలూ ఫోన్లూ అన్నీ "కంప్యూటర్లో ఫస్టు వచ్చిన" వాడి గదికే చేరాయి. కుదరదనడం ఆ ఇంటా వంటా లేదు. చదవాల్సిన నెలంతా స్క్రూలు బిగించడంతోనే సరిపోయింది.

పుస్తకం మూసి చొక్కా తొడుక్కుంటుంటే తండ్రి వచ్చారు.

"తయారవరా. పదింటికి క్లబ్బులో నీకు సన్మానం. చెబితే వద్దంటావని చెప్పలేదు."

"ఇవాళా? నాకు రాజమండ్రిలో..."

"ముఖ్య అతిథి అక్కణ్ణుంచేరా! ఆ పరీక్షల సెంటరు ఓనరు భీమరాజు గారు. నేనే వెళ్లి పిలిచొచ్చాను."

"అది కాదు నాన్నగారూ..."

"పట్టుపంచె ఇస్త్రీ చేయించాను, కట్టుకో నాయనా," అంది తల్లి మాణిక్యాంబ.

ఇప్పుడైనా ఒక్క ముక్క చెబితే పోయేది పరువే, ఉద్యోగం దక్కేది. ఆ మాత్రం గుండె ఉంటే మణిశంకర్ ఎందుకవుతాడు? పంచె కట్టుకున్నాడు. బస్సు వెళ్లిపోయింది.

పదింటి సభ పదకొండున్నరకు మొదలైంది. భీమరాజు గారు ఆ కుర్రాణ్ణి ఎన్నడూ చూడలేదు. పరీక్ష గదిలో ఉండేది ఆయన అసిస్టెంటు. శాలువా కప్పి మైకు పట్టుకున్నారు.

"ఇప్పుడే మా సెంటర్నుంచి ఫోనండి. ఇవాళ పరీక్షకి రావాల్సిన కుర్రాడు అయిపు లేడంట, ఎక్కడా కనబళ్లేదంట. పోయినసారి తప్పాడు, ఈసారి భయపడి ఎగ్గొట్టాడు. చిత్రం ఏంటంటే, వాడి పేరూ మణిశంకరేనండి! అలాంటి దద్దమ్మలు ఈ మణిశంకర్ గారిని చూసి సిగ్గు తెచ్చుకోవాలండి!"

హాలు దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా సూర్యనారాయణమూర్తి గారే చప్పట్లు కొట్టారు.

శాలువా సర్దుకుని మణిశంకర్ కూడా కొట్టాడు.