దేవేంద్రప్ప హోటల్లో టీ మహిమ

కాఫీ దేశానికి హానికరం. మనల్ని సమానులను చేయగలిగింది టీ ఒక్కటే. ఈ సత్యం నాకు 1955 ఆగస్టు పదిహేనో తేదీన, పత్తికొండలో, ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్న తరువాత బోధపడసాగింది.

నేను మొదటినుంచీ కాఫీ భక్తుణ్ణి. మా ఇంటావిడ పోయిన తరువాత పొద్దునా సాయంత్రమూ దేవేంద్రప్ప హోటలే నాకు దిక్కు. చక్కెర ఎంత వేయాలో నేనెన్నడూ చెప్పలేదు. నా మొహం చూసి కనిపెట్టాడో ఏమో, రెండో రోజు నుంచే తక్కువ వేసి ఇచ్చేవాడు. ఒంటరివాడికి ఇలాంటివి చిన్న సంగతులు కావు. అందుకే అతని గురించి ఇలా రాయడం నాకు కష్టంగానే ఉంది.

ఆ రోజు జెండా కింద మనమంతా ఒకటేనని ప్లీడరుగారు గంటసేపు మాట్లాడారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది దేవేంద్రప్పే! ఆ మాటలు నిజమనుకున్నవాడు మాత్రం ఒక్కడే, మిషన్ బడి హెడ్మాస్టరు లేవి. ఆయన నాతోపాటు హోటల్లోకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

అంతవరకూ ఆయన కులంవాళ్లకు వీధి అరుగు మీదే టీ. వాళ్ల గాజు గ్లాసులు గోడ గూట్లో విడిగా ఉండేవి. మనకు లోపల, ఇత్తడి లోటాలో కాఫీ. అలా వేరుపెట్టడం నేరమని ఆ ఏడే చట్టం వచ్చింది. లేవి దాన్ని చదివాడు. దేవేంద్రప్ప చదవలేదు, విని భయపడ్డాడు.

“నాకొక కాఫీ, దేవేంద్రప్పా.”

“కాఫీ అయిపోయినాది. టీ ఉండాది, తాగప్పా.”

అంటూనే నా ముందు కాఫీ లోటా పెట్టాడు. నేను దాన్ని లేవి ముందుకు జరిపాను. ఆయన మళ్లీ నా ముందుకే జరిపాడు.

“ఇది తాగితే మీరిచ్చిన కాఫీ అయితాది సార్. నా దుడ్లకు నా కాఫీ కావాల.”

మరునాడు కూడా వచ్చి అడిగాడు. అప్పుడే అయిపోయింది. ఆ మరునాడూ అంతే. ఆ డికాక్షనుకు ఎంత తెలివి! లేవి వీధి మలుపు తిరగ్గానే తనంతట తానే ఇంకిపోయేది. ఎండాకాలంలో మన హంద్రి ఏరు కూడా అంత త్వరగా ఎండదు.

చివరికి ఎవరో అర్జీ పెట్టబోతున్నారన్న మాట పుట్టింది. దేవేంద్రప్ప పరుగున వెళ్లి, జెండా కింద మాట్లాడిన ఆ ప్లీడరునే సలహా అడిగాడు. అందరికీ ఒకటే ఇస్తే ఏ చట్టమూ ఏమీ చేయలేదన్నాడాయన. తెల్లారేసరికి లోటాలు మాయం. గోడకు పలక ఎక్కింది: ‘ఇచట అందరికీ టీ మాత్రమే. టీ జీర్ణకారి, బలవర్ధకం.’

చూశారా? ఒక్క మనిషికి ఒక్క లోటా కాఫీ ఇవ్వడం కంటే, ఊరంతటి చేతా కాఫీ మాన్పించడం సులువని కనిపెట్టాం! ఇంత బుద్ధిబలం ఉన్న జాతిని తెల్లవాడు అన్నాళ్లు ఎలా ఏలాడో నాకు అర్థం కాదు.

టీ లాభాలు వెంటనే కనిపించాయి. కాఫీ లేక తలనొప్పి పట్టి, కరణం గోపన్న కొన్నాళ్లపాటు ఒకరి పొలం ఇంకొకరి పేర రాయలేకపోయాడు. రైతులు సుఖపడ్డారు. ప్లీడరు కోర్టులో కునికాడు. కక్షిదారులు ఆయన లేచేలోగా రాజీపడి ఇళ్లకు వెళ్లిపోయారు. కాఫీపొడిలో చింతగింజల పొడి కలిపే శివన్న, చేసేది లేక, గుడిలో పురాణం వినసాగాడు. ఏ సంస్కర్త ఇంత చేయగలడు?

ఇటీవల గోపన్నకు తలనొప్పి తగ్గింది. ప్లీడరు కోర్టులో మేలుకొని ఉంటున్నాడు. ఇదీ టీ మహిమేననుకున్నాను.

నిన్న దీపాలు పెట్టే వేళ లేవీ నేనూ టీ తాగి లేచాం. కాఫీ ఉందా అని ఆయన రోజూలాగే అడిగాడు.

“ఇప్పుడు అందరికీ టీనే గదప్పా. నువ్వు కోరిందే గదా,” అన్నాడు దేవేంద్రప్ప.

లేవి మెట్లు దిగాడు. దేవేంద్రప్ప నా చెవి దగ్గరికి వంగాడు.

“సార్, అట్ల ఎనక సందులోనుంచి రాండి. గోపన్న, ప్లీడరు సారు ఆడనే ఉండారు. మీకు చక్కెర తక్కువేసి పెట్టినా.”

నోరూరలేదని అబద్ధం చెప్పను. నేను మరిచిపోయినా నా చక్కెరను అతను మరిచిపోలేదు.

“నాకు టీ చాల్లేప్పా,” అన్నాను.

లేవి మెట్ల కింద ఆగి వెనక్కి తిరిగాడు. లోపలినుంచి డికాక్షను వాసన కమ్మగా వీధిలోకి వస్తోంది.

“ఇంగా అయిపోలేదా, దేవేంద్రప్పా?”

పాఠకులారా, టీకున్న గుణాలన్నిటిలోకీ గొప్పది ఇదే. దాన్ని తలుపులు తెరిచిపెట్టుకుని తాగవచ్చు.

దేవేంద్రప్ప మా ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, చప్పుడు కాకుండా తలుపు మూసుకున్నాడు.