ఎడమ స్పీకరు

ఆదివారం ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేసి, కాఫీ తాగి, కారు తీసుకెళ్లి స్పీకర్లు మార్పించుకుని, భోజనం వేళకి ఇంటికొచ్చి కాస్త కునుకు తీయాలి. ఇందులో కాఫీ వరకూ అంతా అనుకున్నట్టే జరిగింది.

ఆయన చెవుల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాడు. బయటి చప్పుడు చొరబడని చిన్న గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, అద్దానికి ఇవతల కూర్చుని, చెప్పాల్సింది మైకులో చెబుతూ సన్నటి కూతలు వినిపిస్తాడు. వినిపించినప్పుడల్లా వాళ్లు చేతిలోని మీట నొక్కాలి. మిషను సరిగ్గా పలుకుతోందో లేదో రోజూ పొద్దున్నే ముందు తన చెవులకి పెట్టుకుని చూసుకోవడం ఆ గదిలో పద్ధతి. వరండాలో నడిచే మనిషెవరో చెప్పుల చప్పుడుని బట్టి చెప్పేస్తాడని తోటివాళ్లు ఆయనకి పాముచెవులని పేరు పెట్టారు. వాళ్లు మెచ్చి పెట్టారో వెటకారానికి పెట్టారో గానీ ఆయన మాత్రం దాన్ని బిరుదు కిందే జమకట్టుకున్నాడు.

పరీక్షల గదికి పెద్దగా ఉన్నాయన నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ కుర్చీ ఎవరికన్నది సోమవారం చెబుతానని డాక్టరుగారు అన్నారు. చెవులే అర్హత అయితే ఇంకొకరి పేరు వచ్చే ప్రసక్తే లేదని పాముచెవులాయన ధీమా. ఎన్నేళ్లుగానో ఆ కుర్చీ మీద కన్నేసి ఉన్నాడు మరి. అందుకే స్నానం కాగానే రోజూ రెండు చెవులూ దూదిపుల్లతో శ్రద్ధగా తుడుచుకునేవాడు. పనిముట్టు శుభ్రంగా ఉండాలి కదా.

అలాంటి చెవులకి మూడు వారాలుగా ఒక బాధ వచ్చిపడింది. కారులో పాట పెడితే కుడివైపు నుంచి గలగలా వస్తోంది, ఎడమవైపు నుంచి ఎవరో కంబళి కప్పుకుని పాడుతున్నట్టు వస్తోంది.

“ఎడమ స్పీకరు పోయింది,” అన్నాడు భార్యతో, కాఫీ గ్లాసు కింద పెడుతూ.

ఆవిడ స్కూలు టీచరు. వారమంతా ఆ కారులోనే బడికి వెళ్లొస్తుంది. “నాకు రెండువైపులా బాగానే వినిపిస్తోందండీ,” అంది.

“నీకు వినిపించడం వేరు, నాకు వినిపించడం వేరు.”

“అదేమో గానీ ఏసీ మాత్రం నిజంగానే పోయింది. ముందు అది చేయించండి. వచ్చే వారం చెల్లెలి ఇంటికి వెళ్లాలి కదా. అంత దూరం ఆ ఉక్కలో అమ్మ కూర్చోలేదు.”

అత్తగారు కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటోంది. ఆవిడకి చెవి కాస్త మందమని ఆ ఇంట్లో అందరి నమ్మకం. ఎంత పిలిచినా మూడో పిలుపుకి గానీ పలకదు. అందుకని అల్లుడుగారు ఆవిడ ఎదుటే నిర్భయంగా గొణుక్కునేవాడు. ఇప్పుడూ అదే చేశాడు.

“రోజంతా ఆ కుర్చీకి బంకలా అతుక్కునే మనిషికి ఏసీ ఒకటి తక్కువైంది.”

అత్తగారు నిదానంగా పేజీ తిప్పింది.

కారు సామాన్ల దుకాణదారు తలుపు తెరిచి, పాట పెట్టించుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. ఆయనకి తేడా ఏమీ తెలియలేదు. కానీ పొద్దున్నే వెతుక్కుంటూ వచ్చిన బేరాన్ని కాదనడం ఆయన ఇంటావంటా లేదు.

“పీకేద్దాం సార్. మీ మోడల్‌ కోసమే తయారైన రెడీమేడ్ సెట్టుంది. వైరు కొయ్యక్కర్లేదు, తలుపుకి కన్నం పెట్టక్కర్లేదు. పాతవి తియ్యడం, కొత్తవి పెట్టడం, అంతే.”

ధర విని ఆయన ఉలిక్కిపడ్డాడు. “ఇది కారుకా, సినిమాహాలుకా? అంత పెడితే అంత తేడా ఉంటుందా?”

దుకాణదారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “అందరికీ ఉండదు సార్. మామూలు చెవులకి ఇది డబ్బు దండగే. వినే చెవి ఉన్నవాళ్లకి మాత్రమే నేను చూపిస్తాను.”

ఇంకేం, బేరం కుదిరిపోయింది. ఏసీ కోసం పక్కన పెట్టినదంతా స్పీకర్లకి వెళ్లిపోయింది. పాతవాటిని మార్పిడి కింద దుకాణదారు లోపల పెట్టేసుకున్నాడు. కొత్తవి బిగించి పాట పెడితే కుడివైపు అద్భుతంగా ఉంది. ఎడమవైపు కంబళి అలాగే ఉంది, కాకపోతే ఈసారి ఖరీదైన కంబళి.

“ఎడమ పీసు బాలేదు,” అన్నాడు పాముచెవులాయన.

దుకాణదారు కుడి స్పీకరు తీసి ఎడమకి, ఎడమది తీసి కుడికి బిగించాడు. అయినా ఎడమే మందంగా ఉంది. అయితే వైరు పోయి ఉంటుందన్నాడు, వైరు మార్చాడు. ఇంత పెద్ద స్పీకర్లకి ఈ బలం చాలదు, యాంప్లిఫయర్ ఉండాలన్నాడు. అది తెచ్చి ముందు సీటు కింద దూర్చాడు. దాంతో సీటు వెనక్కి జరగడం మానేసింది గానీ ఎడమవైపు తీరు మారలేదు. తలుపు రేకే శబ్దాన్ని మింగేస్తోందని చివరికి తలుపు అట్ట మొత్తం ఊడదీసి లోపల మందపాటి షీటు అతికించాడు. వెర్రి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుగా ఉంది వ్యవహారం. భోజనం వేళ ఎప్పుడో దాటిపోయింది. ఇంటినుంచి వచ్చిన ఫోన్లని ఆయన ఎత్తలేదు.

వెనక స్పీకర్లు ఎలా ఉన్నాయో చూద్దామని ఆయన ముందు సీటు మీద మోకాళ్లు వేసి, వెనక్కి తిరిగి కూర్చున్నాడు. కాసేపు విని గట్టిగా కేకేశాడు.

“ఇప్పుడు కుడి తలుపు పోయింది!”

“ఓసారి ముందుకి తిరగండి సార్.”

తిరిగాడు. “ఇప్పుడు మళ్లీ ఎడమది.”

మనిషి తిరిగితే లోపం కూడా తిరగడం దుకాణదారు తన వ్యాపారంలో ఎన్నడూ ఎరగడు. ఆయన రెండు చేతులూ జోడించాడు. “సార్, బండిలో నాకే లోపమూ దొరకట్లేదు. ఇంట్లోవాళ్లకి వినిపించి చూడండి.”

అదీ నిజమే అనిపించింది పాముచెవులాయనకి. ఇంటి ముందు కారు ఆపి, భార్యనీ అత్తగారినీ లోపల కూర్చోబెట్టాడు. కళ్లు మూసుకోవాలన్నాడు. పాట ఏవైపు బాగా వినిపిస్తే ఆవైపు చెయ్యి ఎత్తాలన్నాడు. ఇద్దరూ కళ్లు మూసుకుని రెండు చేతులూ ఎత్తారు. పాట మార్చాడు. మళ్లీ రెండు చేతులూ లేచాయి. పక్కింటాయన గోడ మీంచి తొంగి చూశాడు. కదలని కారులో ఇద్దరు ఆడవాళ్లు చేతులు పైకెత్తి కూర్చుంటే, బయట మగమనిషి నిలబడి “సరిగ్గా ఎత్తండి!” అని గద్దిస్తుండటం చూసి, ఏదో దోపిడీ అనుకుని ఫోను పట్టుకుని బయటికి పరిగెత్తుకొచ్చాడు. ఆయనకి సర్దిచెప్పి పంపేసరికి స్కూలు టీచరు సహనం అడుగంటింది.

“రెండువైపులా ఒకేలా ఉందని చెబుతుంటే వినరేం? ఏసీకి పెట్టాల్సింది ఈ తలుపుల్లో పోశారు. కుట్టుమిషను ముందు కూర్చున్నట్టు కూర్చోవాల్సొస్తోంది నేను ఈ సీట్లో.”

“తల్లీకూతుళ్లిద్దరికీ చెవుల్లో లోపం ఉంది. వంశంలోనే ఉన్నట్టుంది,” అన్నాడు ఆయన. “రేపు ఆసుపత్రికి రండి. నేనే పరీక్ష చేస్తాను.”

“వస్తాం. మా చెవుల్లో లోపముంటే ఇక ఏసీ ఊసెత్తను. లేకపోతే?”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి ఇలాంటప్పుడు ఆగడు. “మీ చెవులు బాగున్నాయని తేలితే, ఆ పెద్ద కుర్చీకి నేను తగనని డాక్టరుగారితో నా నోటితో నేనే చెప్తాను. సరేనా?”

భార్య మొహంలో కోపం పోయి భయం వచ్చింది. ఆ కుర్చీ ఆయనకి ఎంతో ఆవిడకి తెలుసు. “అంత మాట ఎందుకండీ?” అంది. అత్తగారు మాత్రం కారు దిగి, ఏమీ విననట్టు లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం ముందు భార్యని గదిలో కూర్చోబెట్టాడు. ఆవిడ ఏ కూతనీ వదలకుండా మీట నొక్కింది. చెవులు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. పాముచెవులాయన ఈసారి అత్తగారిని కూర్చోబెట్టాడు. కూత తగ్గించాడు, ఆవిడ నొక్కింది. ఇంకా తగ్గించాడు, ఇంకా నొక్కింది. చివరికి మిషన్లో తగ్గించడానికి మెట్టు లేకుండా పోయింది. అప్పుడు కూడా ఆవిడ ఒకసారి నొక్కింది.

“కూతే వెయ్యలేదు కదా, ఎందుకు నొక్కారు?” అన్నాడు, తలుపు తీసి.

“మైకు కట్టెయ్యడం మరిచారు బాబూ. ‘ఈ ముసలావిడకి ఇదంతా ఎలా వినిపిస్తోంది’ అన్నారు. దానికి నొక్కాలో అక్కర్లేదో తెలియలేదు. ఎందుకైనా మంచిదని నొక్కాను.”

ఆయన మొహం పాలిపోయింది. “అంటే అత్తయ్యా, మీకు మొదట్నుంచీ వినిపిస్తూనే ఉందా?”

“వినిపించదని నేనెప్పుడన్నాను? మొదటి పిలుపుకే పలికితే ఆ పని మనమే చెయ్యాలి. మూడో పిలుపు దాకా ఆగితే ఎవరో ఒకరు చేసేస్తారు. మీరు నిన్న బంక అన్నారు చూడండీ, అదీ వినిపించింది. పోయినేడు అన్నవి కూడా గుర్తున్నాయి, చెప్పమంటారా?”

“వద్దులెండి,” అన్నాడు ఆయన నీరసంగా. తలవంపులు అంటే ఏమిటో ఆయనకి మెడలోనే తెలిసింది. అయినా ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చివరి ప్రయత్నంగా డాక్టరుగారిని పిలిచి మిషను పాడైందని చెప్పాడు. కారు సంగతి కూడా కలిపి చెప్పాడు.

డాక్టరుగారు అంతా విని కళ్లజోడు తీశారు. “ఏమయ్యా, పోయిన వారం ఎడమ హెడ్‌ఫోను పోయిందన్నావు, కొత్తది తెప్పించాను. మొన్న అదీ పోయిందన్నావు. ఇప్పుడు కారులో ఎడమ స్పీకరు పోయిందంటున్నావు. లోకంలో ఎడమవైపువన్నీ కూడబలుక్కుని నీ మీద కక్ష కట్టాయా? ఇలా కూర్చో.”

డాక్టరుగారు ఎడమ చెవిలోకి దీపం వేసి చూశారు. తర్వాత అడిగారు. “దూదిపుల్ల పెడుతుంటావా?”

పాముచెవులాయన తలెత్తి చూశాడు. ఎదురుగా గోడ మీద ‘చెవిలో దూదిపుల్లలు పెట్టకండి, గులిమి లోపలికి పోయి గడ్డకడుతుంది’ అని పెద్ద అక్షరాలతో కాగితం ఉంది. అది రాసి అతికించింది ఆయనే.

గోరువెచ్చని నీళ్లు చిమ్మితే శనగగింజంత గులిమి ఉండ గిన్నెలో పడింది. గోటితో పోయేదానికి ఆయన నిన్నంతా గొడ్డళ్లు కొన్నాడన్నమాట. చెవి తెరుచుకోగానే ముందు ఫ్యాను కిర్రుమనడం వినిపించింది, తర్వాత వరండాలో చెప్పులు, ఆ తర్వాత ఎడమ పక్కన అత్తగారు కూతురి చెవిలో అన్న మాట.

“ఈ మనిషితో ఎలా వేగుతున్నావే తల్లీ!”

మూడు వారాలుగా ఆవిడ తనకి ఎడమవైపే కూర్చుంటున్న సంగతి ఆయనకి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ ఎవరి చెవి మందమని తాను గొణుక్కున్నాడో, ఆవిడే తన చెవి మందమని ఎప్పుడో కనిపెట్టిందని తెలిసి ఆయన సిగ్గుతో కుంచించుకుపోయాడు. ఒక్కసారి భార్య వైపు చూసి లేచి నిలబడ్డాడు.

“డాక్టరుగారూ, ఆ పెద్ద కుర్చీకి నేను తగనండి. చెబుతానని ఇంట్లో మాటిచ్చాను.”

“ఏదో మాటవరసకి అన్నారండీ,” అని భార్య అడ్డుపడబోయింది.

డాక్టరుగారు గిన్నెలోకి చూసి, ఆయన వైపు చూశారు. “నిన్నటిదాకా అయితే నేనూ అదే అనేవాణ్ణి. అన్నీ నీకే వినిపిస్తాయనుకునేవాడివి కదా. పెద్ద కుర్చీలో కూర్చునేవాడికి పాముచెవులు అక్కర్లేదయ్యా. ఎదుటివాళ్లు విన్నామంటే నమ్మే బుద్ధి కావాలి. ఇకనుంచైనా నమ్ముతావా?”

“నమ్మక చస్తానా అండీ,” అన్నాడు ఆయన.

“అయితే ఒకటో తారీఖు నుంచి ఆ కుర్చీ నీదే. ఆ కాగితం మాత్రం నీ బల్లకి ఎదురుగా అతికించుకో. నెలకోసారి నీ చెవులు మీ అత్తగారి చేత పరీక్ష చేయించాలేమో, అది తర్వాత ఆలోచిద్దాం.”

సాయంత్రం ఆయన నేరుగా దుకాణానికి వెళ్లి, తన పాత స్పీకర్లు తనకి ఇచ్చెయ్యమన్నాడు. అవి మధ్యాహ్నమే ఎవరో కట్టించుకుని పోయారట, భలే కంపెనీ స్పీకర్లని మెచ్చుకున్నారట కూడా.

“ఇప్పుడు ఎడమవైపు తేడా తెలుస్తోందా సార్?” అని అడిగాడు దుకాణదారు.

“తెలుస్తోంది.”

“నేను ముందే చెప్పలేదూ, వినే చెవి ఉండాలని!”

తర్వాతి ఆదివారం ముగ్గురూ మరదలి ఇంటికి బయల్దేరారు. ఏసీ ఇంకా బాగుపడలేదు కాబట్టి నాలుగు అద్దాలూ కిందికి దించారు. నాలుగువైపుల నుంచీ గాలి హోరుమంటూ లోపలికి దూసుకొచ్చింది. ముందు సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న భార్య పాట పెట్టింది. పెట్టిందని ఆయనకి స్టీరియో మీద దీపం వెలిగితే తెలిసింది, అంతే. ఎంత పెంచినా ఆ హోరులో కుడీ లేదు, ఎడమా లేదు.

“వినిపిస్తోందా?” అని అరిచాడు.

“ఏమిటీ?” అని అరిచింది భార్య.

వెనక సీట్లో అత్తగారు ఒళ్లో వేళ్లతో తాళం వేస్తూ, “ఎడమవైపు దివ్యంగా ఉంది బాబూ, కాస్త తగ్గించండి,” అంది.

ఆయన మొదటి పిలుపుకే తగ్గించాడు.